బ్రేకు కీచుమంటే డిస్కు మీద నూనె కొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాఠకుల చిట్కాల పేజీ చదివినప్పటి నుంచి నాకు స్తిమితం లేదు. కారు బ్రేకు కీచుమంటుంటే తుప్పు వదిలించే స్ప్రే డబ్బా తెచ్చి, చక్రం సందుల్లోంచి డిస్కు మీద, అంటే చక్రంతోబాటు తిరిగే ఇనప పళ్లెం మీద కొడితే చప్పుడు పోతుందని ఒకరు రాశారు. చప్పుడు పోయే మాట నిజమే. చప్పుడుతోబాటు బ్రేకు పట్టడమూ పోతుంది. రాసినవారికి చెడు ఉద్దేశం ఉందని నేననను. కదిలే ఇనుము కిర్రుమంటే నూనె చుక్క వేయడం మనందరికీ అలవాటు. కానీ కారు మొత్తంలో నూనె తగలకూడని చోటంటూ ఒకటుంటే అది బ్రేకు డిస్కే. ఆ చిట్కా తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ఈ ఉత్తరం కాస్త పొడుగైనా, కోసేయకుండా వేస్తే ఇంకా మేలు.

మాది సూళ్లూరుపేట. పదో తరగతి అయ్యాక మద్రాసొచ్చి పుదుపేటలో ఒక మేస్త్రి దగ్గర పనికి చేరాను. ఇప్పుడు కొళత్తూరులో రెండు కార్లు పట్టేంత షెడ్డు ఉంది. ఇంజను పని, ఏసీ పని ముట్టుకోను. బ్రేకులు, సస్పెన్షను, వీల్ బేరింగులు, అంతే. విల్లివాక్కం, పెరంబూరు, అంబత్తూరు వైపు నుంచి మనవాళ్లు చాలామంది వస్తారు. తమిళంలో చెప్పలేక కాదు. కారుకొచ్చిన జబ్బు సొంత భాషలో చెప్పుకుంటే తృప్తిగా ఉంటుందని వస్తారు. కాబట్టి మీ పత్రికలో వచ్చిన మాట నా దగ్గరికొచ్చే జనం చెవిన పడుతుంది. నా బాధ అదే.

ముందుగా, ఆ చిట్కా ఇప్పటికే చేసేసినవాళ్లు ఎవరైనా ఉంటే కారును రోడ్డెక్కించకండి. మెకానిక్కును ఇంటికే పిలవండి. డిస్కు పోత ఇనుము కాబట్టి బ్రేకు క్లీనరుతో బాగా కడిగితే శుభ్రపడుతుంది. డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్లు అలా కాదు. వాటి మీద ఉండే రాపిడి పదార్థంలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. నూనెను అది లోపలికి పీల్చేసుకుంటుంది. పెట్రోలుతో కడిగి, ఎండలో పెట్టి, కొందరైతే మంట మీద కాల్చి మళ్లీ బిగిస్తారు. పైకి ఆరినట్టే ఉంటుంది. నాలుగు సిగ్నళ్లు దాటి బ్రేకు వేడెక్కేసరికి లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. నూనె తాగిన ప్యాడ్లు పారేయాల్సిందే, అదీ ఆ ఇరుసుకు రెండు వైపులవీ కలిపి. ఒక్క చక్రానికే స్ప్రే కొట్టినవాళ్ల పరిస్థితి మరీ కష్టం. గట్టిగా తొక్కాల్సి వచ్చిన రోజున ఒక చక్రం జారిపోతుంది, రెండోది పట్టుకుంటుంది, కారు పట్టిన వైపుకు లాగేస్తుంది. పక్కన బైకు మీద పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లేవాళ్లుంటారు.

ఇంతకీ బ్రేకు ఎందుకు కీచుమంటుంది? మీరు పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడితో ప్యాడ్లను పట్టి ఉంచే ఇనప దిమ్మ, అంటే కాలిపర్‌లోని పిస్టన్ బయటికి వచ్చి, తిరుగుతున్న డిస్కును రెండు ప్యాడ్ల మధ్య పట్టుకుంటుంది. ఆ పట్టు నున్నగా, ఒకే తీరుగా ఉంటే చప్పుడు రాదు. ప్యాడు ఒక క్షణం అంటుకుని, జారి, మళ్లీ అంటుకుని, మళ్లీ జారిందంటే వణుకు పుడుతుంది. సెకనుకు వెయ్యి సార్ల నుంచి పది వేలకు పైగా వణికితే అదే మనకు కీచుమని వినిపిస్తుంది. బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్క కీచుమనేదీ ఇలాగే. మాస్టారు ముక్కను సగానికి విరిచి రాసినా, పట్టుకునే కోణం మార్చినా ఆ చప్పుడు ఆగిపోయేది గుర్తుందా? బ్రేకులోనూ అంతే. ప్యాడు ఎలా కూర్చుంది, వెనకాల దాన్ని ఏది పట్టుకుని ఉంది, పైపొర ఎలా ఉంది, ఈ మూడింట్లో ఏదో మారింది కాబట్టే చప్పుడు మొదలైంది. ఏది మారిందో చక్రం విప్పితేనే తెలుస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: చప్పుడు ఆపమని అడక్కండి, చప్పుడు ఎందుకొస్తోందో విప్పి చూపించమని అడగండి.

విప్పేముందు చెవి పెట్టి వినాలి. ఎప్పుడొస్తోంది అన్నదాంట్లోనే సగం సమాధానం దొరుకుతుంది.

పొద్దున్నే కారు తీసినప్పుడు, నాలుగైదు సార్లు బ్రేకు వేసేదాకా గరగరమని తర్వాత పోతోందంటే అది రాత్రికి రాత్రి డిస్కు మీద పట్టిన సన్న తుప్పు. మన చెన్నైలో అది మామూలే. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, ఎన్నూరు లాంటి సముద్రం పక్క చోట్ల కారు రెండు రోజులు కదలకపోతే డిస్కు ఎర్రబడుతుంది. ఐప్పసి, కార్తిక వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఊరంతా ఇదే పరిస్థితి. కారు కడిగిన మర్నాడూ ఇంతే. దీనికి ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు, ఎవరైనా ప్యాడ్లు మార్చాలన్నా ఒప్పుకోనక్కర్లేదు.

బ్రేకు తొక్కకపోయినా చక్రం తిరిగినంతసేపూ కరకరమంటుంటే చాలాసార్లు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. మెట్రో పనులు జరిగే దారుల్లో తిరిగే కార్లకు ఇది తరచూ చూస్తాను. ఖాళీ స్థలంలో కాస్త వెనక్కీ ముందుకీ నడిపితే ఒక్కోసారి దానంతటదే రాలిపోతుంది. లేదంటే చక్రం విప్పి ఆ రేకును రవ్వంత వంచితే సరి. పావుగంట పని.

గర్రుమని ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటున్న చప్పుడైతే అది కీచు దశ దాటిపోయింది. ప్యాడు పూర్తిగా అరిగి వెనకున్న ఇనప రేకు డిస్కును కోస్తోందని అర్థం. ఆ కారు నడపకండి. పెడల్ కింద దడదడమని కాలికి తగలడం మళ్లీ వేరు. అది డిస్కు మందం ఒకచోట ఒకలా ఉండడం వల్ల వచ్చేది, దానికీ కీచుకూ సంబంధం లేదు.

ఇక సన్నగా, పదునుగా, ఒకే శ్రుతిలో వచ్చే కీచు. కొన్ని కార్లలో పెడల్ ముట్టకపోయినా వచ్చి, తొక్కితే ఆగుతుంది లేదా మారుతుంది. ఇది కారు తయారుచేసినవాళ్లు కావాలని పెట్టిన చప్పుడు అయ్యుండవచ్చు. చాలా ప్యాడ్లకు ఒక చివర చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. కొత్త ప్యాడులో రాపిడి పదార్థం సుమారు 10 మి.మీ. దాకా ఉంటుంది. అది అరిగి అరిగి 2, 3 మి.మీ.కు వచ్చేసరికి ఆ నాలుక డిస్కుకు తగిలి అరుస్తుంది, మార్చే వేళైందని. ఖరీదైన కార్లలో నాలుకకు బదులు వైరు పెట్టి డాష్‌బోర్డులో దీపం వెలిగేలా చేస్తారు. ఇప్పుడు చెప్పండి, మార్చమని అరుస్తున్న ఆ నాలుక మీద నూనె కొట్టి నోరు మూయిస్తే ఏమవుతుంది? అరుపు ఆగుతుంది, అరుగుదల ఆగదు. ఆ చిట్కాతో నాకు వచ్చిన భయం ముఖ్యంగా ఇక్కడే.

నాలుక ప్రతి ప్యాడుకూ ఉండదు. ఒక చక్రంలో లోపలి ప్యాడుకు మాత్రమే ఉండే కార్లున్నాయి, అసలే లేనివీ ఉన్నాయి. చవకరకం ప్యాడ్లకు చాలావాటికి ఉండదు. అందుకని చప్పుడు రావడం లేదు కాబట్టి ప్యాడ్లు బాగున్నాయనీ అనుకోకూడదు.

పోయిన ఏడాది వానలకు ముందు అంబత్తూరు నుంచి ఒకావిడ వచ్చారు. గూడూరువాళ్లు. చిన్న కారు, తానే నడుపుకుంటారు. "అన్నా, సిగ్నల్లో ఆగేటప్పుడు ఊరంతా తిరిగి చూస్తున్నారు, తలెత్తుకోలేకపోతున్నా" అన్నారు. అంతకుముందే వేరే చోట ముందు ప్యాడ్లు, డిస్కులు రెండూ కొత్తవి వేయించుకున్నారు. బిల్లు కూడా పట్టుకొచ్చారు. కొన్నాళ్లు నెమ్మదిగా ఉండి మళ్లీ అదే కీచు. ఈసారి మళ్లీ డిస్కులు మార్చాలన్నారట.

కారు దిగగానే నేను చేసే మొదటి పని ఒక్కటే. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా దగ్గరగా పెట్టి వేడి చూస్తాను. మా మేస్త్రి నేర్పింది. ఎడమ ముందు చక్రం దగ్గర వేడి సెగ కొట్టింది, కుడివైపు మామూలుగా ఉంది. అక్కడే అర్థమైపోయింది. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పాం. బయటి ప్యాడు దాదాపు కొత్తదే. అది చూసి వదిలేసేవాళ్లు ఎంతమందో. చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే కనపడేది అదొక్కటే కాబట్టి. కాలిపర్ ఎత్తి లోపలి ప్యాడు తీసి ఆవిడ చేతికిచ్చాను. పైచివర 4 మి.మీ. ఉంది, కిందిచివర ఒక మి.మీ. కూడా లేదు. కత్తితో ఏటవాలుగా చెక్కినట్టు అరిగింది.

ఎందుకలా అవుతుందంటే, మన చిన్న కార్లలో పిస్టన్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకేసి నొక్కుతుంది. అప్పుడు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును ఇవతలికి లాగుతుంది. ఆ రెండు పిన్నులూ వేలితో తోస్తే కదలాలి. ఈ కారులో పై పిన్ను కదులుతోంది. కింది పిన్ను ప్లయర్సుతో మెలితిప్పితేగానీ రాలేదు. వచ్చాక చూస్తే గోధుమరంగు తుప్పు, ఎండి జిగురైపోయిన పాత గ్రీజు. దాని మీది రబ్బరు తొడుగు, బూటు అంటాం, మెడ దగ్గర గోరంత చిరిగింది. అందులోంచి నీళ్లు దిగాయి. కాలిపర్ ఒక చివర జరుగుతూ, ఒక చివర పట్టేసి వంకరగా పనిచేస్తోంది. పెడల్ వదిలినా లోపలి ప్యాడు డిస్కును వదలడం లేదు. అందుకే ఆ వేడి, ఆ వేడికి పైపొర గాజులా మెరుపెక్కడం, ఆ మెరుపుకు కీచు.

కొత్త డిస్కుల మందం కొలిచాం. నిక్షేపంగా ఉన్నాయి. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం ఎంతో ఆ డిస్కు మీదే పోసి ఉంటుంది. వర్నియరో మైక్రోమీటరో పెట్టి చూస్తే మార్చాలా వద్దా అన్నది ఎవరి అభిప్రాయంతోనూ పని లేకుండా తేలిపోతుంది. పిన్ను దూరే రంధ్రాన్ని సన్న వైరు బ్రష్షుతో తోమి కడిగి, కొత్త పిన్నులు, కొత్త బూట్లు వేసి, ముందు రెండు చక్రాలకూ ప్యాడ్లు మార్చాం. పిన్నులూ బూట్లూ, డిస్కుల బిల్లు పక్కన పెడితే లెక్కలోకి రాని ఖర్చు. దానికోసం ఆవిడ చేత ఒకసారి డిస్కులు కొనిపించి, రెండోసారీ కొనమన్నారు. చక్రం విప్పి పిన్ను కదిలించి చూసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది ఇలాంటిచోటే.

పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు కూడా మీ పత్రిక చదువుతారు కాబట్టి గ్రీజు సంగతి విడిగా చెప్తాను. బ్రేకులోనూ గ్రీజు పెట్టే చోట్లున్నాయి. పిన్నులకు సిలికాన్ గ్రీజు. ప్యాడు చెవులు కూర్చునే ఉక్కు క్లిప్పులకు, ప్యాడు వెనక రేకుకు పిస్టన్ తగిలేచోట, వేడికి కరగని బ్రేకు గ్రీజు పల్చగా. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు. అది పెట్రోలియం సరుకు. బ్రేకు రబ్బరుకు తగిలిందంటే రబ్బరు ఉబ్బి పిన్నును పట్టేస్తుంది. కదలాలని పెట్టిందే కదలకుండా చేస్తుంది. రాపిడి జరిగే ముఖం మీదికి మాత్రం ఏ గ్రీజూ, ఏ నూనే రాకూడదు. చేతికంటిన జిడ్డుతో ప్యాడు ముఖం ముట్టుకున్నా మా మేస్త్రి ఊరుకునేవాడు కాదు.

ఆ క్లిప్పులు తీసి వాటి కింద పేరుకున్న తుప్పు గోకడం చాలా షెడ్లలో మానేశారు. మన ఊరి ఉప్పుగాలికి అక్కడ తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. ప్యాడు బిగుసుకుని వెనక్కి రాదు. ప్యాడు వెనక రబ్బరు పూత ఉన్న పల్చటి రేకు ఒకటుంటుంది, షిమ్ అంటాం. వణుకును మింగేయడమే దాని పని. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పాతది వంగిందనో, పట్టడం లేదనో పక్కన పారేస్తారు. మర్నాటి నుంచి కీచు. కస్టమరు వచ్చి అడిగితే "కొత్త ప్యాడ్లు కదా, అలాగే ఉంటాయి" అంటారు.

కాలిపర్ విప్పాక దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడదీయకూడదు. తీగతో స్ప్రింగుకు కట్టాలి. పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు పైన డబ్బాలో బ్రేకు ఆయిలు పొంగుతుంది, కారు రంగు మీద పడితే రంగు లేస్తుంది, చూసుకోవాలి. అన్నింటికంటే ముఖ్యం, పని అయ్యాక కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి మొదటిసారి పెడల్ నేల దాకా పోతుంది. ఆ సంగతి మరిచి షెడ్డులోంచి బయటికి తీస్తూ ఎదుటి గోడకు గుద్దినవాళ్లను చూశాను.

బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. నేను పనిలో చేరిన రోజుల్లో అందరం ఊదేవాళ్లం, నోటితో కూడా. పాత ప్యాడ్లలో, లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా తెస్తుంది. ఇప్పటి మంచి ప్యాడ్ల పెట్టెల మీద ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. అయినా లోపల ఉన్నది ఏ కాలంనాటిదో, ఏ సరుకో విప్పేదాకా తెలియదు. క్లీనరు కొట్టి తడిపి తుడవాలి. మా కుర్రాళ్లకు మాస్కు లేకుండా డ్రమ్ము తెరవనివ్వను.

కొత్త ప్యాడ్లు మొదట్లో కీచుమనడానికి ఇంకో కారణం, వాటిని డిస్కుకు అలవాటు చేయకపోవడం. ఖాళీగా ఉండే వేళ చూసుకుని, నేనైతే తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డుకు పోతాను, వెనక ఎవరూ లేనప్పుడు 60 కి.మీ. వేగం నుంచి 15, 20కి మధ్యస్థంగా బ్రేకు వేసి తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు. చల్లారేందుకు కాసేపు మామూలుగా నడిపి మళ్లీ. ఇలా ఎనిమిది, పది సార్లు చేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద పల్చగా, సమానంగా పూత పడుతుంది. ఈ పని చేయకుండా షెడ్డులోంచి నేరుగా పూందమల్లి హైరోడ్డు ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లి అంగుళం అంగుళం తొక్కుకుంటూ పోతే ప్యాడు మెరుపెక్కుతుంది. మెరుపు పైపైనే ఉంటే ప్యాడును సమతలం మీద ఎమ్రీ పేపరుకు రుద్ది, అంచులు కాస్త ఏటవాలు చేసి మళ్లీ వేయవచ్చు. పగుళ్లు పడి ఉంటే వేయకూడదు.

వెనక చక్రాలకు డిస్కుల బదులు డ్రమ్ములున్న కార్లకు సంగతి చిన్నదే. లోపల దుమ్ము నిండడం, షూలు (డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపేవి) ఆనే రేకు మీద గ్రీజు ఎండిపోవడం, ఎక్కువగా ఈ రెండే. తెరిచి శుభ్రం చేస్తే పోతుంది. వరద నీళ్లలో నిలబడిన కార్ల సంగతి మాత్రం వేరు. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను అప్పుడూ నీళ్లు తీశాక వచ్చిన కార్ల డ్రమ్ముల్లో బురద గడ్డకట్టి ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేసిన వాటికి షూలు డ్రమ్ముకు అతుక్కుపోయాయి. వేళచ్చేరిలో వాన మాట వినగానే ఫ్లైఓవరు మీదికి కారు తీసుకెళ్లి పెట్టేవాళ్లను తప్పు పట్టలేం. ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లకూ ఒక మాట. వాటి వేగం ఎక్కువగా మోటారే తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు అంతగా అరగవు, కానీ వాడకం లేక డిస్కులు తుప్పుపడతాయి, పిన్నులు పట్టేస్తాయి. అరగలేదు కదా అని ఏళ్ల తరబడి విప్పకుండా వదిలేయకండి.

శుక్రవారం సాయంత్రమైతే నా షెడ్డుకు ఒకే రకం బేరం వస్తుంది. "రేపు తెల్లవారుజామున కొండకు పోతున్నాం, ఇంటిల్లిపాదీ ఉంటాం, ఆ కీచు ఒక్కటి ఆపేయన్నా, తిరిగొచ్చాక అన్నీ చూద్దాం" అంటారు. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి దాకా కీచుమంటూ పోవచ్చునేమో. తిరుమల కొండ దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద. అన్నీ మలుపులే. ఏడుగురు కూర్చున్న కారు, పిన్ను పట్టేసి అప్పటికే వేడిగా ఉన్న చక్రం, కిందిదాకా బ్రేకు మీదే కాలు. ఆ వేడి ప్యాడులోంచి పిస్టన్‌కు, పిస్టన్‌లోంచి ఆయిలుకు ఎక్కుతుంది. బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకునే సరుకు. డాట్ 3 అనే రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కైతే 230, తేమ పట్టాక 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. మన ఊరి ఉక్కకు బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి అని నేనంటాను. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగండి. కాలిన వాసన వస్తే ఒక పక్క ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి. ఆ శుక్రవారం బేరాలు నేను ఒప్పుకోను. అక్కడే కూర్చోబెట్టి చక్రం విప్పి చూపిస్తాను. కొందరు కోపగించుకుని వెళ్లిపోతారు. వెళ్లిన ప్రతిసారీ ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టదు.

చివరగా మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాల్సిన విషయం ఒకటుంది. టాక్సీకైతే ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉంటుంది, బ్రేకు చూశామని ఎవరో ఒకరు సంతకం పెడతారు. సొంత కారుకు కొన్న నాటి నుంచి పదిహేనేళ్ల దాకా రిజిస్ట్రేషను చెల్లుతుంది. ఆ మధ్యలో పొగ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు అడుగుతారు గానీ బ్రేకు ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు. మిగిలింది సర్వీసు బిల్లు. అందులో "బ్రేకు చెక్ చేశాం" అని అచ్చువేసి ఉంటుంది, పక్కన టిక్కు ఉంటుంది. చక్రం విప్పారో లేదో ఆ టిక్కు చెప్పదు. టిక్కు బదులు అంకెలు రాయమని మీ పాఠకులు పట్టుబట్టాలి. ఏ చక్రానికి లోపలి ప్యాడు ఎన్ని మి.మీ., బయటిది ఎన్ని, డిస్కు మందం ఎంత, కనీసం ఎంత ఉండాలి, పిన్నులు కదులుతున్నాయా, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చింది. మార్చిన పాత సామాను సంచిలో వేసి చేతికివ్వమని అడగండి. అది మీ డబ్బుతో కొన్నది, అడిగే హక్కు మీకుంది. విప్పకుండా అంకె రాయలేరు. రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకుంటే ఎంత అరిగిందో, ఇంకెన్నాళ్లు వస్తుందో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకోవచ్చు. లోపలి ప్యాడుకూ బయటి ప్యాడుకూ తేడా 2 మి.మీ. దాటితే పిన్ను పట్టేస్తోందని చప్పుడు రాకముందే తెలిసిపోతుంది.

రవాణా శాఖవారు ఈ అంకెలు రాయడాన్ని అన్ని సర్వీసు బిల్లుల్లో తప్పనిసరి చేస్తే నాలాంటి చిన్న షెడ్లకు పని పెరుగుతుంది, చక్రానికి పది నిమిషాలు. మేం చేయగలం. మా షెడ్డులో బిల్లు పుస్తకం అలాగే అచ్చువేయించాను, చూడాలనుకున్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
ఒక బ్రేకు మెకానిక్కు,
కొళత్తూరు, చెన్నై.